పోలయ్య మామ శ్రుతిపుల్ల

నోరిచ్చి, ఆ నోట నీ పేరు పలికించి, పలికిన పేరు వినడానికి పక్కవాడికి చెవులిచ్చిన స్వామీ, నీకు జయం. గాలిని తిత్తిలో పట్టి పాటగా మార్చడం మనిషికి నేర్పినవాడివి, అదే గాలిని సముద్రం మీద ఎవరికీ పట్టుబడకుండా వదిలినవాడివి. ఇనుముకు తుప్పు పెట్టావు గానీ నాదానికి పెట్టలేదు. ఇసుకలో పుట్టి పెరిగిన నాలాంటివాడి గొంతులో కూడా నీ కీర్తనకు ఇంత చోటు చేశావు. ఏ మాట మొదలుపెట్టినా ముందు నిన్ను తలుచుకోమని నాకు నేర్పినవాడు మా పోలయ్య మామ. ఇప్పుడు చెప్పబోయేది ఆయన సంగతే కాబట్టి నీకూ ఆయనకూ కలిపి దండం పెట్టుకుని మొదలుపెడుతున్నాను.

కావలికి తూర్పున, రోడ్డు ఇసుకలో కలిసిపోయే చోట జాలర్లు ఉండే మా పట్టపుపాళెం ఉంది. నేను ఇప్పుడు కావలిలో ఉంటూ, పిలిచిన ఊళ్ళకు వెళ్ళి పురాణం చెబుతూ, భజనలకు హార్మోనియం వాయిస్తూ కాలం గడుపుతున్నాను. మొన్న సీత ఫోన్ చేసింది. సీత పోలయ్య మామ కూతురు, నాకు మరదలు. కావలిలో బడిపిల్లలకు సంగీతం చెబుతుంది, పాళెంలో తల్లి దగ్గరే ఉంటుంది. "బావా, నాయన హార్మోనియం ఇంక లేవదు. నేనొక కీబోర్డు కొన్నా. దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపితే హార్మోనియం గొంతు వస్తాదంట. నువ్వొచ్చి వాయించు, అమ్మ చేత పాడిద్దాం" అంది. అత్త పాడుతుందా అని అడిగాను. "అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తా? నీ మొహం చూద్దామనా?" అంది.

సంగతి ఏమిటంటే, పాళెంలో రామమందిరం కొత్తగా కట్టారు. స్వామిని మళ్ళీ లోపల నిలబెట్టే పండగ దగ్గర పడింది. ఆ రోజు తెప్పల హారతి పాడాలని ఊరంతా అనుకుంటోంది. ఆ పాట కట్టింది పోలయ్య మామ. పాళెంలో ఒక్కో తెప్పకు అందులో ఒక్కో చరణం. ఫలానా వాళ్ళ తెప్ప నీళ్ళ మీదికి వెళ్ళింది స్వామీ, దానికి దారి చూపి తీసుకురా అని ఉంటుంది. కొత్త తెప్ప దిగినప్పుడల్లా మామ కొత్త చరణం కట్టేవాడు. తెప్ప పాతబడి దుంగలు విప్పేసినా దాని చరణం మాత్రం తీసేవాడు కాదు. "తెప్ప పోతే పోయింది, దాంట్లో ఎక్కిన మనుషులుండారు గదా" అనేవాడు. కట్టినవాడు మామ, పాడినది మాత్రం ఎప్పుడూ ఆయన భార్య మంగమ్మత్త. ఎవరూ రాసిపెట్టుకోలేదు. ప్రతి శనివారం సాయంత్రం వినే పాట ఒకనాటికి వినపడదని ఎవరనుకుంటారు? మామ పోయాక అత్త ఆ పాట పాడలేదు. మాకు పల్లవి వచ్చు, మొదటి చరణాలు కొన్ని వచ్చు. ఆ తర్వాత ఎవరి తెప్ప వెనుక ఎవరిదో, ఎవరి చరణంలో ఏ మాట ఉందో అత్తకు తప్ప తెలియదు. అత్తకు ఇప్పుడు చూపు మందగించింది, నడక తగ్గింది. గొంతు నిలిచి ఉంది. ఆ గొంతు తెరుచుకోకపోతే పాట ఆవిడతోనే వెళ్ళిపోతుంది.

ఆవిడ మొండికేసిందని అనుకోకండి. అడిగినప్పుడల్లా నోరు తెరుస్తుంది, పల్లవి ఎత్తుకుంటుంది, ఆగిపోతుంది. "శ్రుతి యాడుందిరా అబ్బయా? ఆనుకోను గోడ లేకుండా ఎంతసేపని నిలబడేది?" అంటుంది. సీత ఒకసారి ఫోన్‌లో శ్రుతి పెట్టి పక్కన ఉంచింది. అత్త చెవి వంచి విని, "ఇది తంబుర గదే. మీ నాయన ఏనాడన్నా తంబుర వాయించినాడా? ఎవరో పక్కింట్లో వాయించుకుంటుండారు, వాళ్ళని వాయించుకోనీ" అందట.

నా చిన్నతనం చాలా భాగం ఆ ఇంట్లోనే గడిచింది. అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని కావలి వెళితే పొద్దు వాలితే గానీ తిరిగి వచ్చేది కాదు. అంతదాకా నాకు అన్నం పెట్టేది, తల దువ్వేది, తిట్టేది మంగమ్మత్తే. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. వాకిట్లో ఎండుతున్న సావిళ్ళ చేపల వాసన, చూరుకు వేలాడే వలల తడి వాసన, పొయ్యి మీద మామిడికాయ వేసిన పులుసు వాసన, వీటన్నిటికీ అవతల, లోపలి గదిలో ఒక మూల కర్పూరం వాసన. ఆ మూలనే హార్మోనియం ఉండేది. పాత చీర గుడ్డ చుట్టి, కింద ఎత్తు పీట వేసి, ఇంటికి వచ్చిన పెద్దమనిషిని కూర్చోబెట్టినట్టు దాన్ని కూర్చోబెట్టేవారు. మేము ఆ గదిలో పరుగెత్తకూడదు. దాని వైపు కాళ్ళు చాపకూడదు. చాపితే అత్త ఏమీ అనేది కాదు, వచ్చి మన కాళ్ళు పట్టుకుని మెల్లగా అటు తిప్పి వెళ్ళిపోయేది. దెబ్బ కన్నా అదే సిగ్గుగా ఉండేది.

మామ తెల్లారకముందే తెప్ప మీద వెళ్ళి, ఎండ ఎక్కాక వచ్చేవాడు. వచ్చి తిని పడుకుని, లేచి వల బాగుచేసుకుని, సాయంత్రం బావి దగ్గర స్నానానికి కూర్చునేవాడు. ఆ స్నానం ఒక వ్రతం లాంటిది. ముందు ఒంటి మీది ఉప్పు పోవాలి, తర్వాత చేతుల నుంచి చేపల వాసన పోవాలి. చింతపండు గుజ్జు, పొయ్యిలో బూడిద, చివర శనగపిండి. వేలివేలికీ గోరుగోరుకీ రుద్దుకునేవాడు. నామం పెట్టుకుని లోపలికి వచ్చి, హార్మోనియం ముందుకు వెళ్ళకుండా ముందు అత్త దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ ఆవిడ ముక్కు ముందు పెట్టేవాడు. అత్త కళ్ళు మూసుకుని వాసన చూసేది. బాగుంటే "పో" అనేది. లేకపోతే "బొటనవేలు" అని ఒక్క మాట అనేది, మామ మళ్ళీ బావి దగ్గరికి నడిచేవాడు. ఒకసారి నేను నవ్వితే మామ నా చెవి పట్టుకుని, "నవ్వబాకరా. స్వామికి మనం చేపలు పట్టేవోళ్ళమని తెలుసు. తెలుసని చెప్పి అవే చేతుల్తో పోతామా?" అన్నాడు. నేను తర్వాత ఎందరో పండితుల దగ్గర కూర్చుని శుచి గురించి విన్నాను. ఆ మాట కన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

మామ ఎడమచేతి వేళ్ళు రెండు లంగరు తాడు కోసి బిగుసుకుపోయాయి. అందుకని తిత్తి ఆయన కొట్టలేడు. అత్త ఎదురుగా కూర్చుని తిత్తి కొడుతూ పాడేది, మామ కుడిచేత్తో వాయించేవాడు. పెట్టె ఒకటే, ఇద్దరికీ మధ్యన. గాలి ఆవిడది, స్వరం ఆయనది. అయితే కుడిచేయి ఒక్కటే పాటనూ శ్రుతినీ ఎలా పట్టుకోగలదు? దానికి మామకు ఒక పుల్ల ఉండేది. షడ్జమం మెట్టు నొక్కి, పక్క మెట్టుకూ దానికీ మధ్య ఆ పుల్ల దోపితే మెట్టు పైకి లేవదు. తిత్తిలో గాలి ఉన్నంతసేపు షడ్జమం పలుకుతూనే ఉంటుంది. చాలామంది ఇందుకు చీపురుపుల్ల విరిచి పెట్టేవాళ్ళు. మామ ఒప్పుకునేవాడు కాదు. "ఊడ్చే పుల్ల తెచ్చి స్వామి గొంతులో పెడతారా?" అనేవాడు. ఆయన పుల్ల వల అల్లే వెదురు సూది కొన విరిగితే చెక్కినది. ఏళ్ళ తరబడి వల నూలు ఒరుసుకుని నున్నగా గోధుమరంగు తేలి ఉండేది. పాట మొదట్లో పుల్ల పెట్టేవాడు మామ. హారతి కళ్ళకద్దుకున్నాక ఆ పుల్ల తీసేది మాత్రం అత్త. తీసే ముందు ఎవరూ లేవకూడదు, మాట్లాడకూడదు. పుల్ల తీస్తే శ్రుతి ఆగుతుంది, శ్రుతి ఆగితే స్వామికి విశ్రాంతి. అదీ మా ఇంటి పద్ధతి. వేరే ఏ భజనలోనూ నేను అది చూడలేదు.

సముద్రం ఒడ్డున హార్మోనియం పెట్టుకోవడమంటే రోజూ దానికి వైద్యం చేయడమే. స్వరం పలికే ఇత్తడి రేకులు, అవే రీడ్లు, ఉప్పుగాలికి చిలుము పట్టేవి. పెట్టె లోపల ఎలుక తిత్తి కొరికేది. ఒక మెట్టు పలికేది కాదు, ఇంకొకటి నొక్కకుండానే పలికేది. ఉప్పు దుమ్ము పడకుండా వాడని మెట్ల మీద మామ తన కండువా పరిచేవాడు, అయినా ఏదో ఒకటి వచ్చేది. అప్పుడు మామ తొందరపడేవాడు కాదు. దండం పెట్టి, పైపలక విప్పి, నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. "ముందు గాలి చూడు. గాలి వస్తుంటే రీడు చూడు. రీడు బాగుంటే వాయించేవోడిని చూడు" అనేవాడు. మూడోది ఎందుకని అడిగితే నవ్వి, "అదే ఎక్కువసార్లు" అనేవాడు. పాత పోస్టుకార్డు అంచు రీడు కింద పోనిచ్చి లాగితే పచ్చటి చిలుము రాలేది. రాలగానే గొంతు తెరుచుకునేది. అప్పుడు ఆయన మొహం చూడాలి. పెద్ద చేప పడినప్పుడు కూడా అంత వెలిగేది కాదు.

ఇవన్నీ తలుచుకుంటూ షేర్‌ఆటోలో పాళెం చేరాను. ఇల్లు ఇప్పుడు డాబా అయింది. వాకిట్లో తెప్పలు లేవు, ఒడ్డున నీలం రంగు ఫైబర్ పడవలు వరసగా ఉన్నాయి. అత్త వసారాలో నులకమంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నా అడుగు విని, "పురాణమొచ్చిందా?" అంది. నా పేరు ఆవిడకు అది. వంగి దండం పెడితే నా చేతులు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కావలి నుంచి వచ్చేటప్పుడు ఆటోలో జామకాయ తిన్నాను. "జాం పండు తిని వచ్చి వాయిస్తాడంట" అని నవ్వింది. నేను బావి దగ్గరికి వెళ్ళాను. చింతపండు అడిగితే సీత వంటింట్లోంచి తొంగి చూసి, "ప్లాస్టిక్ మెట్లకు కూడా చింతపండు పెట్టి తోముకుంటావా బావా?" అంది గానీ తెచ్చి ఇచ్చింది.

లోపలి గదిలో, అదే మూల, బల్ల మీద కీబోర్డు ఉంది. పక్కన ల్యాప్‌టాప్, రెండు స్పీకర్లు, ఒక తీగ. కింద పీట మీద పాత హార్మోనియం. గుడ్డ విప్పి చూశాను. తిత్తి చిరిగిపోయింది. పైపలక ఎత్తగానే కర్పూరం వాసన ఇంకా వచ్చింది. రీడ్ల పక్కన చిన్న అరలో ఆ వెదురుపుల్ల ఉంది, దాని మీద మామ కండువా మడిచి ఉంది. కండువా భుజాన వేసుకున్నాను. పుల్లను చొక్కా జేబులో వేసుకున్నాను. తీగలు విప్పుకుంటున్న సీత అది చూడలేదు.

ఇక మా కష్టాలు మొదలయ్యాయి. ఆ తీగకు ఒక పక్క కంప్యూటర్‌కు పెట్టే కొస, ఇంకో పక్క రెండు గుండ్రటి కొసలు. ఒకదాని మీద ఇన్ అని, ఒకదాని మీద అవుట్ అని రాసి ఉంది. కీబోర్డు వెనుక కూడా ఇన్ అని ఒక రంధ్రం, అవుట్ అని ఒక రంధ్రం. పేరుకు పేరు చూసి పెట్టాం. ఎంత వాయించినా ల్యాప్‌టాప్ ఉలకలేదు, పలకలేదు. సీత ఏవో వీడియోలు చూసింది, ఏదో మళ్ళీ ఎక్కించింది, ఆపి మళ్ళీ వేసింది. నేను స్వామిని తలుచుకుంటూ కూర్చున్నాను. "బావా, దండం తర్వాత పెడుదువు గానీ ఆ తీగలు ఇటు ఇయ్యి" అని లాక్కుని, చాలాసేపు చూసి, నుదురు కొట్టుకుంది. "కీబోర్డు చెప్పేది, కంప్యూటర్ వినేది. చెప్పే నోటిని వినే చెవిలో పెట్టాల. మనం చెవిని తీసుకొచ్చి చెవిలో పెట్టినాం" అంది. కొసలు మార్చి పెట్టింది. తెర మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది.

నాకు మామ భజన గుర్తొచ్చింది. మందిరంలో రెండు వరసలుగా ఎదురెదురు కూర్చునేవాళ్ళం. ఒక వరస చెప్పాలి, ఇంకో వరస అందుకోవాలి. గొంతున్న కుర్రవాళ్ళు ఉత్సాహంలో రెండు వైపుల నుంచీ చెప్పడం మొదలుపెడితే మామ వాయించడం ఆపేసేవాడు. "అందరూ చెప్పేవోళ్ళే అయితే స్వామి ఎవురి మాట వినాల? ఒకరు గమ్మునుండండి" అనేవాడు. ఆ గమ్మునుండడం ఎంత గొప్ప విద్యో ఇన్నేళ్ళ పురాణంలో నాకు అర్థమైంది. వినడానికి సిద్ధంగా లేనివాడి ముందు ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే, అది కూడా ఈ తీగ లాంటిదే.

దీపం వెలిగింది గానీ చప్పుడు రాలేదు. కీబోర్డు సొంత గొంతు వేరే వస్తుంటే దాన్ని సీత పూర్తిగా తగ్గించేసింది, రెండు గొంతులు ఒకదాని వెనుక ఒకటి పలికితే అత్తకు చిరాకు అని. స్పీకర్లకు వెళ్ళే దారి కంప్యూటర్‌లో ఎక్కడో మూసుకుని ఉందంది. "నువ్వు కూర్చుని రెండు మెట్లు నొక్కుతా ఉండు, నేను చూస్తా" అని తెర మీద వెతకడం మొదలుపెట్టింది. నేను కీబోర్డు ముందు కూర్చున్నాను. దానికి ఎన్ని మెట్లో. మామ హార్మోనియం లాంటివి రెండు పక్కపక్కన పెట్టినంత. ఎడమ వైపు సగం నాకు అక్కర్లేదు కాబట్టి కండువా పరిచాను. దండం పెట్టాను. మామ పక్కన కూర్చున్న చిన్నప్పటి నుంచీ, హార్మోనియం ముందు కూర్చున్నవాడు చేసే పనులు నా చేతులు వాటంతట అవే చేస్తాయి, నన్ను అడగవు. ఆ పూట కూడా అలాగే చేశాయి, నాకు గుర్తు కూడా లేదు. నాలుగు మెట్లు నొక్కి చూశాను, చప్పుడు లేదు. లేచి సీత వెనుక నిలబడ్డాను.

బయట పొద్దు వాలింది. సీత ఏదో నొక్కింది. స్పీకర్లలోంచి షడ్జమం వచ్చింది. అచ్చం మామ హార్మోనియం గొంతు, ఆయన పెట్టే శ్రుతి. "స్వామి పలికినాడు" అన్నాను. "స్వామి కాదు, నేను పలికించినా" అని నవ్వింది సీత. నవ్వింది గానీ షడ్జమం ఆగలేదు. ఎవరూ మెట్టు మీద లేరు, అయినా పలుకుతూనే ఉంది. సీత కీబోర్డు వెనుక తీగ పీకేసింది. అయినా పలుకుతోంది. "తీగ లేకుండా ఎట్టా పలుకుతుండాది?" అన్నాను.

"ఈ తీగలో పాట పోదు బావా, కబురే పోతాది. ఫలానా మెట్టు నొక్కినారు అని ఒక కబురు, వదిలినారు అని ఇంకో కబురు. నొక్కిన కబురు అందింది. వదిలిన కబురు అందలా. అందేదాకా ఇది ఇంకా నొక్కే ఉండారనుకుని పాడతానే ఉంటాది" అంటూ తీగ మళ్ళీ పెట్టేసింది. "కీబోర్డు చెడిపోయుంటాది. ఈ ఉప్పుగాలికి కొత్త వస్తువు కూడా నిలవదు. అన్నిటినీ ఒక్కసారే ఆపేసే బటన్ ఒకటి ఉండాదన్నారు, యాడ పెట్టి చచ్చినారో" అని వెతికింది. దొరికింది. తెర మీది బాణం గుర్తును దాని మీద పెట్టి నొక్కబోయింది.

అప్పుడు వసారాలోంచి అత్త గొంతు వినిపించింది.

ముందు నాకు అర్థం కాలేదు, ఎవరినో పిలుస్తోందనుకున్నాను. పల్లవి అది. మెల్లగా, గోడ తడుముకుంటూ నడిచే మనిషిలా, ఒక్కో మాటా శ్రుతిని ఆనుకుని వచ్చింది. సీత చేయి అక్కడే ఆగిపోయింది. మేం ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సీత ఇంకో చేత్తో తన ఫోన్ తీసి, రికార్డు నొక్కి, పిల్లిలా నడిచి వెళ్ళి వసారా గడప మీద పెట్టి వచ్చింది. అంత కీబోర్డు, అంత ల్యాప్‌టాప్, అన్ని తీగలు తెచ్చి, చివరికి పాటను పట్టుకుంది ఆ ఫోనే.

నేను తలుపు పక్కన నిలబడి చూశాను. అత్త కళ్ళు మూసుకుని పాడుతోంది. కుడిచేయి మంచం పట్టె మీద ముందుకూ వెనక్కూ ఆడుతోంది. తిత్తి కొడుతోంది. మాలకొండయ్య తెప్పకు దారి చూపు స్వామీ, చెంచమ్మ కొడుకు తెప్పకు దారి చూపు స్వామీ అని తెప్పలు ఒక్కొక్కటే నీళ్ళలోకి దిగుతున్నాయి. పొద్దు ఎక్కక ముందే వచ్చే తెప్ప, ఉప్పెనలో కొట్టుకుపోయి మూడో ఊళ్ళో తేలిన తెప్ప, అన్నదమ్ములు విడిపోతే దుంగలు పంచుకున్న తెప్ప. నేను మరిచిపోయిన పేర్లు, ఎన్నడూ విననే విననివి కూడా. వీధిలో వెళ్ళే ఇద్దరు ఆడవాళ్ళు గంపలు దించి వాకిట్లో నిలబడ్డారు. ఒకామె తన మామగారి తెప్ప పేరు వినగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివర పోలయ్య తెప్ప వచ్చింది. మామ తన చరణం ఎప్పుడూ ఆఖర్న పెట్టేవాడు, అందరూ ఒడ్డుకు చేరాకే తను. ఆ చరణం దగ్గర అత్త గొంతు తడబడుతుందేమో అనుకున్నాను. తడబడలేదు. కింద శ్రుతి నిలబడి ఉంది కదా.

పాట అయింది. హారతి లేదు, అయినా అత్త రెండు చేతులూ గాలిలో చాపి కళ్ళకు అద్దుకుంది. లోపల షడ్జమం ఇంకా పలుకుతోంది. అప్పుడు అత్త మామూలు గొంతుతో, "పుల్ల తియ్యండే. స్వామిని ఎంతసేపు నిలబెడతారు?" అంది.

"పుల్లేందమ్మా?" అంది సీత.

"వేలు పెడితే శ్రుతి అట్టా నిలవదు. వేలు అలుస్తాది. పురాణం పెట్టుంటాడు పుల్ల, చూడు."

సీత నా వైపు చూసింది. నా చేయి చొక్కా జేబులోకి వెళ్ళింది. జేబు ఖాళీ. సీత కీబోర్డు మీద కండువా అంచు ఎత్తింది. అక్కడ, తెల్లమెట్టు పక్కన, మామ వెదురుపుల్ల దోపి ఉంది. "వాయించేవోడిని చూడు అన్నాడంట నాయన" అంది సీత, నన్ను చూస్తూ. "ఇంతసేపు ఉప్పుగాలిని తిట్టించినావు గదా బావా నా చేత." కళ్ళు తుడుచుకుంటూనే అంది.

సీత తియ్యబోయింది. నేను ఆపాను. లోపలికి వెళ్ళి కీబోర్డును తీగతో సహా జాగ్రత్తగా ఎత్తి గడప దాటించి అత్త మంచం మీద పెట్టాను, సీత ల్యాప్‌టాప్ పట్టుకుంది. అత్త మంచం మీదికి వంగి, ఆవిడ వేళ్ళు పట్టుకుని మెట్ల మీద పెట్టాను. ఆవిడ తడుముకుంది. ప్లాస్టిక్ చలువకు ముఖం చిట్లించింది, తర్వాత వెదురు తగిలింది. బొటనవేలితో దాన్ని ఒకసారి రుద్ది, లాగింది. వదిలిన కబురు అప్పుడు అందింది. షడ్జమం ఆగిపోయింది, సముద్రం వినిపించింది.

మామ రోజుల్లో గాలి కొట్టడానికి ఒక మనిషి, స్వరానికి ఒక మనిషి కావలసి వచ్చేది. ఇప్పుడు ఎవరూ లేకుండా కూడా శ్రుతి పలుకుతుంది. అప్పటిదే గొప్ప అని నేను అనను. ఎలుక కొరికిన తిత్తి నాకు బాగా గుర్తుంది. నాకు తోచినది ఒకటే. కట్టెపెట్టె అయినా కంప్యూటర్ అయినా, పలకాలంటే చేతులు కడుక్కుని ముందు కూర్చునే మనిషి ఒకరుండాలి, వినే మనిషి ఒకరుండాలి. మామ పోయి ఇన్నేళ్ళయినా ఆయన నొక్కిన మెట్టు మా ఇంట్లో ఇంకా పలుకుతూనే ఉంది. వదిలిన కబురు మాకు అందలేదు. అందకపోతేనే మేలు.

పండగ నాడు కొత్త మందిరంలో ఫోన్‌లోని పాట పెడదామన్నారు. అత్త ఒప్పుకోలేదు, తానే వచ్చి పాడతానంది. కొత్త పడవలకు చరణాలు ఎవరు కడతారని అడిగింది. సీత కడుతోంది. నేను పుల్ల పెడతాను.

ఇది చదువుతున్న మీరు ఎక్కడ ఉన్నా, ఒక్క క్షణం చేతులు కడుక్కుని నాతో కూర్చోండి. మీ ఇంట్లో ఏ గొంతు ఆనుకునే గోడ లేక ఆగిపోయిందో దాన్ని తలుచుకోండి. ఈ సాయంత్రం నీళ్ళ మీద ఉన్న ప్రతి పడవనూ, అందులోని ప్రతి మనిషినీ తలుచుకోండి. స్వామీ, చెప్పేవారికి నోరు, వినేవారికి చెవి నిలిపి ఉంచు, వెళ్ళినవాళ్ళకు దారి చూపి ఒడ్డుకు తీసుకురా అని నేను ఇక్కడ అంటున్నాను. మీరు అక్కడ అందుకోండి.